బిడ్డ మీద రాయితీ

విద్యాధర్‌రావులోని తండ్రి జనవరిలో జీతం పడ్డ రోజున మేలుకున్నాడు. అంతకుముందు రెండేళ్ళుగా ఆ తండ్రి మంచి నిద్రలో ఉన్నాడు. బిడ్డకు డెంగీ వచ్చి ఆదిలాబాద్ ఆస్పత్రిలో మంచం పట్టినప్పుడు లేవలేదు. పరుగుపందెంలో గెలిచిన కప్పు పట్టుకుని, స్కూలు గ్రౌండులో అందరి తండ్రుల మధ్యా ఆ పిల్ల తన తండ్రి మొహం వెతుక్కున్నప్పుడూ లేవలేదు. ఆఫీసువాళ్ళు పన్ను కింద జీతంలో పదిహేను వేలు ఎక్కువ కోసేసరికి మాత్రం, పాపం, ఉలిక్కిపడి లేచి కూర్చుని "నా బిడ్డ!" అన్నాడు.

జీతానికీ బిడ్డకూ ఏమిటి సంబంధమంటారా? ఉంది. జీతగాళ్ళకు సర్కారు ఇచ్చిన చిన్న వరం ఒకటుంది. పిల్లల స్కూలు ఫీజు కట్టి రసీదు చూపిస్తే, అంత మేరకు ఆదాయం మీద పన్ను వెయ్యరు. అమ్మ కడితే అమ్మకు, నాన్న కడితే నాన్నకు. వరం దక్కాలంటే ముందు ఫీజు కట్టాలన్న చిన్న మెలిక ఉంది. కరీంనగర్‌లో ఒక విత్తనాల కంపెనీకి ఏరియా మేనేజరుగా పనిచేస్తున్న విద్యాధర్, ఆ మెలిక ఒక్కటీ వదిలేసి మిగతా వరమంతా తన పేరు మీద రాసుకున్నాడు. తీరా జనవరిలో ఆఫీసువాళ్ళు "రసీదేది సార్?" అన్నారు.

వెంటనే భార్యకు ఫోన్ చేశాడు. స్నిగ్ధ ఆదిలాబాద్‌లో బ్యాంకు క్లర్కు. కౌంటర్ ముందు పత్తి డబ్బులు తీసుకోవడానికి వచ్చిన రైతుల వరస గుమ్మందాకా ఉంది. ఫోన్లో భర్త పేరు చూసి ఎవరికో ప్రాణం మీదికొచ్చిందనుకుని గుండె దడదడలాడుతూ ఎత్తింది. ఆయన గొంతు విని చాలా నెలలైంది మరి.

"స్నిగ్ధా, మయూఖ ఫీజు రసీదు జర వాట్సాప్ చెయ్. ఆఫీసుల అడుగుతున్నరు."

బిడ్డ ఎట్లా ఉంది, తిన్నదా, ఉన్నదా, ఏమీ లేదు. స్నిగ్ధ గుండె దడ తగ్గి, ఆ స్థానంలో మంట మొదలైంది.

"ఫీజు నేను కట్టిన. రసీదు నా పేరు మీద ఉన్నది. మా బ్యాంకుల నేను చూపించుకున్న. మీకెందుకు?"

"ఎందుకేంది? బిడ్డ నాది గాదా? నేను ఏప్రిల్‌లనే రాసిన."

"రాస్తే అయితదా? కట్టాలె గద."

"అంటే నా బిడ్డ మీద నాకు హక్కు లేదన్నట్టా?"

"ఏ క్లాసు చదువుతుందో చెప్పుండ్రి. హక్కు సంగతి తర్వాత మాట్లాడుదాం."

"థర్డ్" అన్నాడు విద్యాధర్.

"ఫోర్త్" అని ఫోన్ పెట్టేసింది స్నిగ్ధ.

అక్కడితో పోయేదాన్ని విద్యాధర్ పెద్దమనుషుల్లో పెట్టాడు. వీళ్ళిద్దరి మధ్యా కోర్టు విడాకులు లేవు. రెండేళ్ళ కిందట బ్యాంకువాళ్ళు స్నిగ్ధను ఆదిలాబాద్ బదిలీ చేసినప్పుడు "ఉద్యోగం కావాల్నో, ఇల్లు కావాల్నో తేల్చుకో" అన్నాడాయన. ఆమె తేల్చుకుంది. అంత తొందరగా తేల్చుకుంటుందని ఆయన అనుకోలేదు. కోర్టుకెక్కితే రావుల ఇంటి పరువు పోతుందని విద్యాధర్ తండ్రి వెంకటేశ్వర్‌రావు, స్నిగ్ధ మేనమామ సుధాకర్‌రావు, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చుని సామాను పంచారు. ఫ్రిజ్ ఆమెకు, డబుల్ కాట్ ఆయనకు, పెళ్ళికి పెట్టిన ఇత్తడి బిందెలు ఆమెకు. బిందెల దగ్గరే గంట పట్టింది. బిడ్డ దగ్గరికి వచ్చేసరికి భోజనాల వేళైంది. అందుకని బిడ్డ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు: పదేళ్ళు నిండేదాకా తల్లి దగ్గర, ఆ తర్వాత తండ్రి కోరితే పెద్దలు ఎట్లా చెబితే అట్లా. స్నిగ్ధ సంతకం పెట్టింది. ఈయన కోరే మనిషా, పెట్టే మనిషా అనుకుంది అప్పుడు.

మయూఖకు వచ్చే మే నెలలో పదేళ్ళు నిండుతాయి. విద్యాధర్ కోరనే కోరాడు. జూన్ నుంచి బిడ్డ కరీంనగర్‌లో తన దగ్గర ఉండాలి, తను ఫీజు కట్టాలి, రసీదు తన పేరు మీద రావాలి.

స్నిగ్ధకు అన్నం సయించలేదు. ఈ ఊళ్ళో ఆమెకు ఉన్నదంతా ఆ పిల్లే. పొద్దున జడలు వేస్తూ తిట్టుకోవడానికీ, సాయంత్రం తలుపు తీయగానే "ఏం తెచ్చినవ్?" అని సంచిలోకి తొంగిచూడడానికీ ఆ ఒక్కతే. స్నిగ్ధ తండ్రి పోయినప్పటి నుంచి ఆమెను చదివించి పెళ్ళి చేసినవాడు సుధాకర్ మామ. ఆయన పంచాయతీకి రమ్మంటే పోకుండా ఉండలేకపోయింది. ఫిబ్రవరి మొదటి ఆదివారం పొద్దున్నే తొలి బస్సుకు తల్లీబిడ్డలు బయల్దేరారు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు కాబట్టి, సున్నా రూపాయల టికెట్లు రెండు చేతిలో పెట్టాడు కండక్టరు.

బస్సు ఎక్కించేటప్పుడే మయూఖ సంచి రాయిలా ఉంది. నిర్మల్‌లో బస్సు ఆగినప్పుడు స్నిగ్ధ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"రెండు పూటల ముచ్చటకు గింత బరువెందుకే?" అని జిప్పు తీసింది. గౌన్లు, పరుగు బూట్లు, పసుపు తువ్వాల, వాటి మధ్య గుడ్డలో చుట్టిన కప్పు.

"ఉండాలె గద అమ్మా" అంది మయూఖ.

"ఎక్కడ?"

"డాడీ దగ్గర. సుధాకర్ తాతయ్య ఫోన్ల చెప్పిండు. మీ డాడీ నీ కోసం ఎంత కొట్లాడుతున్నడో తెలుసా అన్నడు." పిల్ల మొహం వెలిగిపోతోంది. "కప్పు చూపిస్త డాడీకి. ఆ రోజు రాలే గద, పని ఉండెనేమో. నువ్వు శనివారం శనివారం రా అమ్మా. డాడీ ఒక్కడే ఉన్నడు గద అక్కడ."

నీ కోసం కాదే పిచ్చిదానా, పదిహేను వేల కోసం అన్న మాట స్నిగ్ధ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటను మింగడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. మొగుడి మీద కోపం, సుధాకర్ మామ మీద కోపం, అన్నింటికన్నా ఎక్కువగా ఆ కప్పును చూసి ఏడుపు వచ్చాయి. జిప్పు వేసేసి "ఇడ్లీ తింటవా?" అని అడిగింది.

కరీంనగర్‌లో వెంకటేశ్వర్‌రావు ఇంటి హాల్లో సోఫాలన్నీ నిండిపోయాయి. పోయినసారి బిందెలు పంచిన పెద్దలే మళ్ళీ వచ్చారు. అత్తగారు లీలాబాయి మనుమరాలిని చూడగానే "నా దొర్సాని వచ్చింది" అని మెటికలు విరిచి లోపలికి తీసుకుపోయింది. లోపల ఒక గది కడిగి, కొత్త దుప్పటి పరిచి, సకినాల డబ్బా కిటికీ మీద పెట్టి ఉంచిందావిడ. ఆ ఇంట్లో పిల్ల కోసం పిల్లను కోరుకున్నది ఆవిడ ఒక్కతే. ఆవిడను ఎవరూ ఏమీ అడగలేదు.

"చూడు బావా" అని సుధాకర్‌రావుతో మొదలుపెట్టాడు వెంకటేశ్వర్‌రావు, "మా వంశంల పిల్ల పరాయి ఊళ్లె పెరుగుడేంది? తండ్రి ఉండంగ బడి రిజిస్టర్ల తల్లి పేరు మీద రసీదులేంది? ఊళ్లె నలుగురు ఏమనుకుంటరు?"

ఊళ్ళో నలుగురూ ఫీజు రసీదుల మీద ఎవరి పేరుందో చూస్తూ కూర్చున్నారన్నట్టు మిగతా ఇద్దరు పెద్దలూ తలూపారు. వాళ్ళు ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే రకం.

"ఒక్క మాట" అంది స్నిగ్ధ. "ఆయనకు రాయితీ కావాలె, అంతే గద? జూన్‌ల ఆదిలాబాద్ బడిల ఫీజు ఆయననే కట్టమనుండ్రి. రసీదు ఆయన పేరు మీదనే తీసుకోమనుండ్రి. నేను చూపించుకోను, నాకు వద్దు. బిడ్డను మాత్రం కదిలియ్యకుండ్రి."

ఇంత తేలికైన మాట పంచాయతీల్లో అనకూడదు. పెద్దమనుషులకు పని లేకుండా పోతుంది. విద్యాధర్ సోఫాలో ముందుకు జరిగాడు.

"అంటే ఫీజు నేను కట్టి, బిడ్డను ఆమె దగ్గర ఉంచాల్నా? నేనేమన్న పిచ్చోన్నా?"

అప్పుడు సుధాకర్‌రావు గొంతు సవరించుకున్నాడు. మేనకోడలికి ఏదో మేలు చేయాలని ఆయనకు నిజంగానే ఉంది. ఆయన చేసే మేళ్ళతోనే వచ్చింది చిక్కంతా.

"నేనొక ఉపాయం చెప్త. మా అన్నదమ్ములది నలుగురిది ఒకటే బాయి, ఒకటే మోటరు. మా బాపు కాలం సంది ఒక్క లొల్లి లేదు. ఎందుకు లేదు? వంతులు! నీ వంతునాడు నీ మడికి పెట్టుకో, నా వంతునాడు నా మడికి పెట్టుకుంట. పిల్లకు గూడ గట్లనే వంతులు పెడుదాం. ఒక ఏడాది తండ్రి దగ్గర, ఒక ఏడాది తల్లి దగ్గర. ఎవల వంతు నడిస్తే వాళ్లే ఫీజు కట్టాలె, వాళ్లే ట్యాక్సుల చూపించుకోవాలె. ఇగ కొట్లాటెక్కడిది?"

"భేష్" అన్నారు ఇద్దరు పెద్దలు. ఒకాయన జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"మామా, ఏడాదికొక ఊరు, ఏడాదికొక బడి మారాల్నా బిడ్డ? అది బాయి మోటరా?"

"మోటరు గాదు బిడ్డా, మోటరు కంటె ఎక్కువనే. గందుకే గద పనులిడిసిపెట్టి గింతమందిమి కూసున్నం."

"మొదటి వంతు నాకే రావాలె" అన్నాడు విద్యాధర్. "రెండేండ్ల సంది ఆమెనే వాడుకున్నది."

"ఏం వాడుకున్న?" అంది స్నిగ్ధ.

"గదే... రాయితీ."

సిగ్గుతో ఎవరైనా తల దించుకుంటారేమోనని స్నిగ్ధ హాలంతా చూసింది. ఎవరూ దించుకోలేదు. వెంకటేశ్వర్‌రావు పాత కాగితం మీద ఆమె సంతకం ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. కోర్టుకు పోతానందామనుకుంది. పోతే ఎన్నేళ్ళు పడుతుందో, అన్నేళ్ళూ ఆ పిల్లను మెట్ల మీద తిప్పుతూ "అమ్మ కావాల్నా, నాన్న కావాల్నా" అని ఎవరెవరు అడుగుతారో తలుచుకుని ఆ మాట మానుకుంది. అంతలో లోపలి గదిలోంచి మయూఖ నవ్వు వినిపించింది. "నానమ్మా, కప్పు ఈ అల్మరల పెట్టాల్నా, డాడీ రూంల పెట్టాల్నా?" అని అడుగుతోంది.

ఆ నవ్వు ముందు స్నిగ్ధ ఓడిపోయింది. తండ్రి తనను కోరుకున్నాడని బిడ్డ అంత సంబరపడుతుంటే, కాదని చెప్పి ఆ సంబరం లాక్కునే అర్హత తనకెక్కడిది అనిపించింది. కళ్ళు తుడుచుకుంది.

"సరే. రాసుకోండ్రి" అంది.

పెన్ను తీసిన పెద్దమనిషి కాగితం సర్దుకున్నాడు. వెంకటేశ్వర్‌రావు చెయ్యెత్తి ఆపాడు. ఆయన భూములు కొన్నవాడు, అమ్మినవాడు. కాగితం రాసే ముందు పక్కా చేసుకోవడం ఆయన అలవాటు.

"ఆగుండ్రి. విద్యా, మన ఆడిటర్‌ను ఒక్కసారి అడుగు. రేపు ఇది చెల్లదంటే మళ్ల పరేషాన్. అందరు వినేటట్టు పెట్టు."

విద్యాధర్ ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. ఆడిటర్ రాకేశ్ ఏదో పెళ్ళిలో ఉన్నాడు. బ్యాండు మోతలో "సార్, గట్టిగ చెప్పుండ్రి" అని అరిచాడు.

"రాకేశ్, చిన్న డౌట్. జూన్ సంది మా పాపను కరీంనగర్‌ల చేర్పిస్తున్న. ఫీజు నేనే కడుత, రసీదు నా పేరు మీదనే. వచ్చే ఏడాది ట్యాక్సుల చూపించుకోవచ్చు గద?"

"వచ్చే ఏడాదికా? నిన్న బడ్జెట్ చూడలేదా సార్ మీరు?"

"చూసిన. పన్నెండు లక్షల దాంక ట్యాక్స్ లేదన్నరు. మంచిదే గద. దాంట్ల నుంచి పాప ఫీజు గూడ తీసేస్తే..."

"దేంట్ల నుంచి తీస్తరు సార్? ట్యాక్సే లేనప్పుడు!" అవతల పకపకా నవ్వు. "మీ జీతం పన్నెండు లోపలనే. ఏప్రిల్ సంది కొత్త ట్యాక్స్ పద్ధతిలకు వస్తే మీకు సున్నా. కొత్త పద్ధతిల పిల్లల ఫీజు, ఇన్సూరెన్సు, ఏవీ నడవయి. చూపించే పనే లేదు."

విద్యాధర్ నుదురు తుడుచుకున్నాడు. "పాత పద్ధతిలనే ఉంటే?"

"పాత దాంట్ల ఉంటే పాపను చూపించుకోవచ్చు. చూపించుకుని మంచిగ ట్యాక్స్ కట్టుకుంట కూసోవాలె. మీ ఇష్టం."

"అంటే కొత్త దాంట్ల పాపను చూపిస్తే ఏం రాదా?"

"రూపాయి రాదు సార్. ఇగ మీకు పిల్లలున్నా ఒకటే, లేకున్నా ఒకటే." అంతలో అక్కడెవరో "రాకేశన్నా, మటన్ అయిపోతుంది!" అని కేకేశారు. "వస్తున్నరా భాయ్... సార్, ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు" అన్నాడు విద్యాధర్.

ఫోన్ ఆగిపోయింది. పెన్ను పట్టుకున్న పెద్దమనిషి పెన్ను పట్టుకునే ఉన్నాడు. విద్యాధర్ కిటికీలోంచి బయటికి చూస్తూ మనసులో ఏవో కూడికలు వేశాడు, తీసివేతలు వేశాడు. జనవరిలో ఉలిక్కిపడి లేచిన తండ్రి మెల్లగా అటు ఒత్తిగిలి దుప్పటి ముసుగు పెట్టడం స్నిగ్ధ కళ్ళారా చూసింది.

"నేనేమంటున్ననంటే" అని మొదలుపెట్టాడు విద్యాధర్, గొంతులో చెప్పలేనంత మెత్తదనంతో. "పిల్ల చదువు ముఖ్యం గద. నడుమల బడి మారిస్తే ఆగమైతది. దోస్తులు అక్కడున్నరు, టీచర్లు అక్కడున్నరు. తల్లి దగ్గరనే ఉండనియ్యుండ్రి. నా స్వార్థం నేను చూసుకునేటోన్ని కాదు."

"గదీ తండ్రి మనసంటే!" అన్నాడు ఒక పెద్దమనిషి.

"త్యాగం" అన్నాడు రెండో ఆయన.

సుధాకర్‌రావు కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. "నేను చెప్పలే బిడ్డా, మంచిగ కూసుని మాట్లాడుకుంటే అన్ని దార్లకొస్తయని?" అని స్నిగ్ధ భుజం తట్టాడు. వెంకటేశ్వర్‌రావు కూడా కాసేపు మీసం దువ్వుకుని, "ఆడపిల్ల తల్లి దగ్గర పెరుగుడే పద్ధతి" అని తీర్పు చెప్పాడు. పొద్దున్నుంచీ హాల్లో తిరుగుతున్న వంశం ఏ గుమ్మంలోంచి బయటికి పోయిందో ఎవరికీ తెలియదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళను చూశాం గాని, ఏరే ఎండిపోయిందని తెలియగానే తెప్పను ఇంత గౌరవంగా సాగనంపేవాళ్ళను చూడటం ఇదే మొదలు.

స్నిగ్ధకు అనాలనిపించిన మాటలు ఆదిలాబాద్ దాకా పరిస్తే ఇంకా మిగిలేవి. కాని కోరుకున్నది దక్కింది. నోరు తెరిస్తే ఎక్కడ మళ్ళీ మనసు మార్చుకుంటారోనని పెదాలు బిగబట్టి, "పోయొస్తం మామయ్యా" అని మామగారికి చెప్పి లేచింది.

లీలాబాయి లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. హాల్లో మాటలన్నీ విన్నట్టే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు వంక చూసి, "కొత్త దుప్పటి పరిస్తినిరా నేను" అంది. తర్వాత ఎవరినో కాదు, సర్కారునే తిట్టింది. "గా బడ్జెట్ ఒక్క నెల ఆగి పెడితే ఏం పోతుండె వాళ్లది? నా మనుమరాలు నా ఇంట్ల ఉంటుండె."

ఆవిడ పక్కనుంచి మయూఖ బయటికి వచ్చింది. సంచి వీపుకు తగిలించుకుని ఉంది. అల్మరాలో పెట్టిన కప్పు తనే తీసుకుని, మళ్ళీ గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుంది. స్పీకర్ పెట్టింది అందరూ వినడానికే కదా. గోడ అవతల ఉన్న పిల్ల కూడా అందరిలో ఒకతే. ఆ సంగతి స్నిగ్ధకు అప్పుడు తట్టింది.

విద్యాధర్ గేటుదాకా వచ్చి కూతురు తల నిమిరాడు.

"మంచిగ చదువుకో. థర్డ్ క్లాసుల ఫస్ట్ రావాలె, సరేనా?"

"ఫోర్త్, డాడీ" అంది మయూఖ.

"ఆఁ, గదే."

చంకలో ఏముందని ఆయన అడగలేదు. పిల్ల కూడా చూపించలేదు.

సాయంత్రం బస్సులో సీట్లు దొరికాయి. కండక్టరు మళ్ళీ రెండు సున్నా టికెట్లు కోసి ఇచ్చాడు. జగిత్యాల దాటేదాకా మయూఖ కిటికీలోంచి పసుపు చేలు చూస్తూ కూర్చుంది. అలిగితే స్నిగ్ధకు తెలుసు, ఏడిస్తే తెలుసు. ఇది రెండూ కాదు. ఏదైనా అడుగుతుందేమోనని భయపడింది, అడగకపోతే ఇంకా భయపడింది.

"అమ్మా."

"ఏందిరా?"

"మళ్ల ట్యాక్స్ పెడితే డాడీ నన్ను అడుగుతడా?"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ పన్నులు వేసేవాళ్ళను తిట్టని నెల లేదు స్నిగ్ధకు. ఆ ఒక్క క్షణం మాత్రం, రేపే సర్కారు మనసు మార్చుకుని దేశంలో ఉన్న పన్నులన్నీ తెచ్చి విద్యాధర్ నెత్తిన పెడితే బాగుండుననిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే ఏడుపొచ్చింది.

"ఏమో బిడ్డా. నాకు తెల్వదు."

మయూఖ టికెట్లు రెండూ మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేసింది.

"నీకు ట్యాక్స్ ఉన్నదా?"

"ఉండె. ఏప్రిల్ సంది నాకు గూడ ఉండదు."

"మరి నా ఫీజు చూపిస్తే నీకేమన్న వస్తదా?"

"రాదు."

"రూపాయి గూడ?"

"రూపాయి గూడ రాదు."

పిల్ల తల్లి మొహంలోకి సూటిగా చూసింది.

"మరి నన్నెందుకు తీస్కపోతున్నవ్?"

పెద్దమనుషులు ఇంకో పది ప్రశ్నలు వేసినా స్నిగ్ధ దగ్గర జవాబులు ఉండేవి. బ్యాంకులో పనిచేసే మనిషి, లెక్క చెప్పమంటే చెప్పగలదు. ఈ ప్రశ్నకు మాత్రం ఎంత వెతికినా ఒక్క కారణం దొరకలేదు. పిల్లను దగ్గరికి లాక్కుంది.

"ఉత్తగనే బిడ్డా" అంది. "ఉత్తగనే."

మయూఖ ఆ మాటను కాసేపు మనసులో పెట్టుకుని చూసుకుంది. అందులో మోసమేమీ కనిపించలేదు కాబోలు, గుడ్డలో చుట్టిన కప్పు చంకలోంచి తీసి తల్లి ఒళ్ళో పెట్టింది.

"బరువైతుంది. నువ్వు పట్టుకో" అని, తల్లి భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిర్మల్ వచ్చేదాకా స్నిగ్ధ ఆ కప్పును ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.